కోట్ల గది

ఆట అయిపోయింది. మూడు పాయింట్ల తేడా.
ఓడామని గోడకి ఇవతలే తెలిసిపోతుంది నాకు.
గెలిచిన రాత్రి టోకెన్లు బల్లమీద గలగలా పడతాయి,
ఓడిన రాత్రి అరచేతుల్లోంచి ఒక్కొక్కటే జారతాయి
వెచ్చగా, చెమటగా.

నూట పద్నాలుగు. గొర్రెతోలు కోటు. లారీ నడిపే గింటౌతాస్.
"మార్చెయ్యాలి వాణ్ణి" అంటాడు,
ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి గాల్లో.
"ముప్పై ఆరేళ్ళొచ్చాయి విల్మాంతాస్‌కి.
వాడు బంతి పట్టుకుని మధ్యగీత దాటేలోపు
నేను రీగా వెళ్ళి సరుకు దించి వస్తాను."

నూట పదిహేను. పళ్ళ డాక్టరు దాంగువోలె.
పద్దెనిమిదేళ్ళుగా అతని పక్క సీటు, ఎదుటి పక్షం.
"మోకాలు కోయించుకుని ఏడాదన్నా కాలేదు.
ఎద్దు పుండు కాకికి ముద్దా!
సరే, ఎవణ్ణి పెడతావు? ఆ నాగ్లిస్‌నా?
కాళ్ళు లేడివే, కాదనను.
ఇంకో నలుగురు కూడా ఆడుతున్నారని
ఎవరైనా చెప్పారా వాడికి?"

"నేర్చుకుంటాడు."

"ఎప్పటికి? మనం కింది డివిజన్‌కి దిగాకా?"

వెనకనుంచి కళ్ళజోడు కుర్రాడొకడు
ఫోను చూసి అంకెలు చదువుతాడు:
ఆటకి ఏడు అసిస్టులు, పోగొట్టిన బంతులు రెండే,
అతను బెంచీమీదున్నప్పుడే మనం వెనకబడ్డాం.
"అంకెలు నాకు చెప్పకు, నాకు కళ్ళున్నాయి"
అంటూ గింటౌతాస్ తప్పు కాజాలో బొత్తం దూరుస్తాడు.
వరసంతా నవ్వుతుంది.
ఓడిన రాత్రి నవ్వు,
చల్లారిన సూపు మీద కట్టిన తెట్టు.

నన్నెవరూ అడగరు.
పదకొండు సీజన్లయింది ఈ షౌలేయ్ హాల్లో చేరి,
ఒక్క ఆటా చూడలేదు.
నాలుగు వందల తడి కోట్ల మధ్య నిలబడి
చెవులతో చూస్తాను.

నాగ్లిస్ బంతి కొడితే రేకు కప్పుమీద వడగళ్ళు.
విల్మాంతాస్‌ది వేరు:
రెండు బారువి, ఒకటి పొట్టిది, తర్వాత ఒక ఖాళీ.
తాళం వేశానా లేదా అని
మెట్ల మీద ఆగిన మనిషిలా.
ఆ ఖాళీలోనే బంతి చెయ్యి మారుతుంది.
ఆ వెంటనే జనం గొంతు లేస్తుంది.

ఈ నెల్లో ఆ ఖాళీ పెరిగింది.
జానెడు కాదు, వేలెడు.
లోపల కూచున్న వాళ్ళకి తెలియదేమో,
అంకెల్లో పడదేమో.
నేనెవరికీ చెప్పలేదు.
డాక్టరుకైతే అసలే చెప్పను.

అందరూ వెళ్ళాక అతనొస్తాడు.
ఆటగాళ్ళకి వేరే గది ఉంది, అయినా
చేరిన మొదటి ఏటినుంచీ ఇక్కడే, చివరి కొక్కేనికే.
అదో నమ్మకం అతనికి.
"యాద్వీగా గారూ, ఏమంటున్నారు జనం?"
"మంచు ఎక్కువైందంటున్నారు."
"అంతేనా?"
"రోడ్లు జారుతున్నాయంటున్నారు."

నవ్వి, మోకాలు చెయ్యక,
బల్లమీద చెయ్యానించి లేచినట్టు నిటారవుతాడు.
ఇవాళ పక్క కొక్కేనికి ఇంకో కోటుంది.
సన్నది, టోపీ లేనిది. నాగ్లిస్‌ది.
ఎవరు తగిలించమన్నారో నేనడగలేదు.
విల్మాంతాస్ దాన్ని చూస్తాడు,
జారిన ఒక చెయ్యి సరిచేసి
వెళ్ళిపోతాడు.

అద్దాల తలుపు అవతల వాళ్ళింకా అక్కడే ఉన్నారు,
నోళ్ళలోంచి ఆవిరి, వేళ్ళతో గాల్లో గీసిన ఆటలు.
అతను కనబడగానే మాట తెగింది.
గింటౌతాస్ జేబులోంచి ఏదో అట్టముక్క తీసి
విల్మాంతాస్ కారు అద్దం మీది మంచు గీకడం మొదలెట్టాడు,
ముందుది, పక్కవి, వెనకది కూడా,
తన లారీ అద్దమంత శ్రద్ధగా.

కారు మలుపు తిరిగింది.
అట్టముక్క దులుపుకుని
డాక్టరు వైపు తిరిగాడు.
ఇక్కడికి మాట వినబడదు.
పెదాలు మాత్రం తెలుసు నాకు:
"అయినా సరే..."